మబ్బు పట్టగానే బెంగ

(దుబాయిలో డేరా నుంచి నడిచే వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం ఇది. విన్నవాళ్ళు కొందరు అడిగారని అక్షరాల్లో పెడుతున్నాం. మాట తీరు మార్చలేదు.)



ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు నాకు తెలిసిన కంప్యూటర్ల గురించే ఏదో చెప్తాననుకున్నారు మన కార్యక్రమం వాళ్ళు. నేను వాన గురించి మాట్లాడతానన్నాను. ఎంత పడింది, ఎందుకు పడింది అనేది కొంత చెప్తాను గానీ, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ వాన మన మనసుల్లో ఏం మిగిల్చి వెళ్ళిందీ అని. ముందే మనవి చేస్తున్నాను, నేను డాక్టర్ని కాను, మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణీ కాను. మా ఇంట్లో వచ్చిన ఒక చిక్కుని అర్థం చేసుకోవడానికి చదివినవి, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నాను, అంతే.

2024 ఏప్రిల్ 16, మంగళవారం. ఈ తేదీ మన డేరాలో ఉండేవాళ్ళకి గుర్తు చెయ్యక్కర్లేదు. అమెరికా నుంచో సింగపూర్ నుంచో వింటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. దుబాయి విమానాశ్రయం దగ్గర ఏడాది మొత్తానికి పడే వాన సగటున 95 మిల్లీమీటర్లు. ఆ రోజు ఇరవైనాలుగు గంటల్లో 142 మిల్లీమీటర్ల పైగా పడింది. అంటే ఏడాదిన్నర వాన ఒక్క రోజులో. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే చోట 254 మిల్లీమీటర్లు దాటింది. ఈ దేశంలో 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టిన తర్వాత ఇంత వాన ఎప్పుడూ లేదు. రెండు రోజుల్లో పన్నెండు వందలకి పైగా విమానాలు రద్దయ్యాయి. వానే లేని ఊరని కట్టిన రోడ్లు, కాలవల్లేని సందులు, నీళ్ళు ఎటు పోతాయి? ఎక్కడివక్కడే నిలబడిపోయాయి.

మా సందులో నీళ్ళు మోకాలి పైకి వచ్చాయి. లిఫ్టు ఆగిపోయింది. కింది అంతస్తులో ఉండే కుటుంబం పిల్లల్ని ఎత్తుకుని మా ఫ్లాటుకి వచ్చేశారు. ఆ రాత్రి రెండు గదుల్లో పదకొండు మందిమి పడుకున్నాం. బెజవాడ నుంచి అమ్మ గంటకోసారి ఫోన్. "టీవీలో చూపిస్తున్నారురా, కార్లు తేలిపోతున్నాయి, మీరెలా ఉన్నారు?" అని. "మాకేం కాలేదమ్మా, మూడో అంతస్తులో ఉన్నాం, నువ్వు పడుకో" అని నేను. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. కిటికీ దగ్గర నిలబడి "ఇంకా పైకి వస్తాయా నాన్నా నీళ్ళు?" అంది. అమ్మకి చెప్పిన మాటే తనకీ చెప్పాను. "ఏమీ కాదమ్మా, పడుకో."

నీళ్ళు వారంలో పోయాయి. రోడ్లు బాగుచేశారు, దుకాణాలు తెరిచారు, అబ్రాలు మామూలుగా తిరిగాయి. మేమూ మర్చిపోయాం. మా అమ్మాయి మర్చిపోలేదు. ఆకాశం కాస్త మబ్బు పడితే చాలు, స్కూలు సంచీ తీసి బీరువా మీద పెట్టేది. చెప్పులు కూడా పైన పెట్టేది. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, పరీక్షలన్నీ చేసి, "కడుపులో ఏమీ లేదు, మనసులో ఏమన్నా ఉందేమో అడిగి చూడండి" అన్నారు. అడిగాం. "ఏమీ లేదు" అంది. మరి ఆ మాట తనకి నేర్పింది నేనే కదా.

నాలుగున్నర నెలలు గడిచాయి. ఆగస్టు 31 శనివారం బెజవాడలో ఆగకుండా వాన. మర్నాడు సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగింది, గండ్లు పడ్డాయి, సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అటు కృష్ణలో ప్రకాశం బరాజు దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కుల పైగా వరద, బరాజు కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. మా అమ్మానాన్నగార్లు ఉండేది సింగ్ నగర్‌లో. ఆదివారం పొద్దున "కింది వాటాలోకి నీళ్ళొచ్చాయి, పైకి ఎక్కాం" అన్నారు. తర్వాత ఫోన్ ఆగిపోయింది. ఒక రోజున్నర పాటు వాళ్ళ గొంతు వినపడలేదు.

ఈసారి గంటకోసారి ఫోన్ చేసేవాణ్ణి నేను. టీవీలో చూస్తున్నవాణ్ణి నేను. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడుస్తుంటే, ఆ డాబాల్లో మా డాబా ఏదా అని వెతికాను. మా అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుని, "ఏమీ కాదని చెప్పు నాన్నా, నాకు చెప్పావుగా" అంది. వెక్కిరింపు కాదండీ, నాకు ధైర్యం చెబుదామనే అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మాటలో ఎంత ధైర్యం ఉంటుందో, విన్నవాణ్ణి ఎంత ఒంటరిగా వదిలేస్తుందో అప్పుడు తెలిసింది.

మూడో రోజు అమ్మ మాట్లాడింది. అందరూ క్షేమం. కింది వాటాలో ఫ్రిజ్జు, మంచాలు, బియ్యం, నాన్నగారి పుస్తకాలు పోయాయి. సామాను కొనుక్కున్నాం. నాన్నగారు మాత్రం మునుపటిలా లేరు. ఉన్నది అదే ఇల్లు, అదే వీధి, అదే మనుషులు. అయినా రాత్రి చినుకు పడితే లేచి కూర్చుంటారట. టార్చి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళి కాలవ చూసి వస్తారట. "ముప్ఫై ఏళ్ళు ఉన్న ఇల్లురా, పరాయి ఇంట్లో ఉన్నట్టుంది" అన్నారు ఒకసారి. ఆ మాట నాకు అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత అర్థమైంది, అదీ ఆస్ట్రేలియా ఆయన ఒకాయన రాసినది చదివాక.

ఆయన పేరు గ్లెన్ ఆల్బ్రెక్ట్, తత్త్వశాస్త్రం బోధించిన ఆచార్యుడు. అక్కడ హంటర్ వేలీ అని ఒక లోయ ఉంది, ఒకప్పుడు పొలాలు, పచ్చికలు. పెద్దపెద్ద బొగ్గు గనులు తవ్వడంతో, దానికి తోడు కరువు రావడంతో ఆ నేల రూపే మారిపోయింది. అక్కడి మనుషులు ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. కానీ ఊరు వదిలి వచ్చినవాళ్ళకి ఉండే దిగులు వాళ్ళలో కనిపించింది ఆయనకి. ఆ దిగులుకి ఇంగ్లీషులో మాట లేదు. అందుకని 'సొలాస్టాల్జియా' అని కొత్త మాట కట్టి 2005లో వ్యాసం రాశారు. మనం ఊరి నుంచి దూరంగా వచ్చి పడే బాధ ఒకటి, మనం కదలకుండానే ఊరు మన నుంచి దూరమైపోతుంటే పడే బాధ ఇంకొకటి. రెండోదానికి ఆయన పెట్టిన పేరు అది.

ఇంగ్లీషులో మాట లేకపోవచ్చు గానీ మనకి ఉంది. బెంగ. పసిపిల్ల తల్లి కనపడక జ్వరం తెచ్చుకుంటే బెంగ పెట్టుకుంది అంటాం. కొత్తగా డేరాలో దిగి బెడ్‌స్పేసులో పై బెర్తు మీద పడుకున్న కుర్రవాడు అన్నం తినకపోతే ఇంటి మీద బెంగ అంటాం. ఆ మాటలో భయం ఉంది, దిగులు ఉంది, ప్రేమ కూడా ఉంది. ఏమీ కానివాళ్ళ మీద ఎవరూ బెంగ పెట్టుకోరు కదా. ఇంకో సంగతి చూడండి, బెంగ పెట్టుకున్న పిల్లని పిచ్చిదని మనవాళ్ళు ఎప్పుడూ అనలేదు. ఒంట్లోకి దిగిన మనసు బాధ అది అని మన పెద్దవాళ్ళకి తెలుసు. ఈ వాతావరణ మార్పు వల్ల వచ్చే కలతని కూడా నేను ఆ మాటతోనే పిలుస్తాను. ఊళ్ళో ఉండగానే ఊరి మీద బెంగ.

ఇది నాన్నగారి ఒక్కరి కథ కాదు. మన డేరాలో, సోనాపూర్ క్యాంపుల్లో ఉద్దానం మనుషులు చాలామంది ఉన్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను, శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేల ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తోటలు తోటలే నేలమట్టం. ఇక్కడ వెల్డింగు పని చేసే మిత్రుడొకడు చెప్పాడు, వాళ్ళ నాన్న ఎన్నో రోజుల పాటు పొద్దున్నే వెళ్ళి పడిపోయిన చెట్లని లెక్కపెట్టి వచ్చేవాడట. లెక్క మారదని తెలుసు, అయినా వెళ్ళేవాడట. ఇల్లు కూలితే ఏడాదిలో కట్టుకోవచ్చు. నాటు కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. చెట్టంత కొడుకు అంటాం మనం. అక్కడ కొడుకంత చెట్లు అవి. అవి పోతే నష్టపరిహారం లెక్క ఒక ఎత్తు, ఆ దుఃఖం ఒక ఎత్తు. పోయింది మనిషి కాదు కనక దానికి పరామర్శ లేదు, దినవారాలు లేవు. ఆ మిత్రుడు కూడా ఇక్కడ క్యాంపులో ఎవరితోనూ అనలేదట. "చెట్లు పోయాయని ఏడిస్తే నవ్వరా?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రతి తుఫానూ ప్రతి వరదా వాతావరణ మార్పు వల్లనే అనడం సరికాదు. బుడమేరు సంగతే చూస్తే, ఏరు పారే దారిలో కట్టిన ఇళ్ళూ, కట్టలకి పడిన గండ్లూ కూడా కారణాలే. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. అంత తేమ ఉన్న చోట కురిస్తే వాన గట్టిగా కురుస్తుంది. 2024 సంవత్సరం, పారిశ్రామిక యుగానికి ముందున్న కాలంతో పోలిస్తే, ఒకటిన్నర డిగ్రీ దాటిన మొదటి సంవత్సరం అని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. కాబట్టి మనవాళ్ళకి కలిగే భయం ఊరికే పుట్టింది కాదు. దానికి ఆధారం ఉంది.

మరి ఇది జబ్బా? కాదంటున్నారు తెలిసినవాళ్ళు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళు 2017లో వేసిన నివేదికలో ఇటువంటి ఎడతెగని భయానికి 'ఎకో ఆంగ్జైటీ' అనే పేరు వాడారు గానీ, దాన్ని ఒక రోగంగా జాబితాలో చేర్చలేదు. నిజమైన ప్రమాదాన్ని చూసి మనసు స్పందించడం ఆరోగ్యమే. నిద్ర, తిండి, పని, చదువు చెడిపోయేదాకా వెళ్తే అప్పుడు వైద్యం సంగతి.

2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పది దేశాల్లో, మన ఇండియాతో సహా, 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న పదివేల మందిని అడిగారు. నూటికి 59 మంది చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామన్నారు. 45 మందికి పైగా ఆ ఆందోళన తమ రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందన్నారు. నన్ను ఆపింది మాత్రం ఇంకో అంకె. ఈ విషయం ఇతరులతో మాట్లాడామన్నవాళ్ళలో దాదాపు సగం మంది, తమ మాట ఎవరూ పట్టించుకోలేదని, కొట్టిపారేశారని చెప్పారు. సగం మంది! అది చదివాక నా "ఏమీ కాదు" నాకే మళ్ళీ వినిపించింది.

ఎందుకు మాట్లాడం మనం? 1968లో అమెరికాలో లతానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థిని ఒక గదిలో కూర్చోబెట్టి ఏవో కాగితాలు నింపమన్నారు. గోడలో ఉన్న కన్నంలోంచి పొగ వదిలారు. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు నూటికి 75 మంది లేచి వెళ్ళి చెప్పారు. అదే, పక్కన ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, పొగ వచ్చినా వాళ్ళు పట్టనట్టు రాసుకుంటూ ఉండేలా ఏర్పాటు చేస్తే, లేచి చెప్పినవాళ్ళు నూటికి పదిమందే. మిగతావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, పక్కవాళ్ళ మొహాలు చూసి కూర్చుండిపోయారు. వాళ్ళు మాట్లాడలేదు కనక ఏమీ లేదేమో అని ఇతను. ఇతను మాట్లాడలేదు కనక పక్కన ఇంకెవరైనా ఉన్నా అలాగే అనుకునేవాళ్ళు. మన వాట్సాప్ గ్రూపులు చూడండి. ఏప్రిల్ వాన వీడియోలు వందలు వచ్చాయి, జోకులు వచ్చాయి. "నాకు భయం వేసింది" అన్న మాట ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు.

ఆ వీడియోలతో పాటు ఒక పుకారు కూడా వచ్చింది, గుర్తుందా? మబ్బుల్లో ఉప్పు చల్లి వాన కురిపించబోతే చెయ్యి జారిందని. ఆ తుఫాను సమయంలో అలా చెయ్యలేదని ఇక్కడి జాతీయ వాతావరణ కేంద్రం చెప్పింది. వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం పరిశీలించి, మబ్బుల్లో మందు చల్లడానికీ ఈ వానకీ చెప్పుకోదగ్గ సంబంధం లేదంది. భూమి వేడెక్కకముందుతో పోలిస్తే, ఎల్ నినో సంవత్సరాల్లో ఇక్కడ పడే ఇటువంటి కుంభవృష్టి పది నుంచి నలభై శాతం పెరిగిందని కూడా చెప్పింది. అయినా ఆ పుకారు మనకెందుకు నచ్చింది? ఎవరో చేసిన పొరపాటైతే, వాళ్ళని ఆపితే సరిపోతుంది. మనసుకి అదొక ఊరట. భయం ఎక్కువైనప్పుడు మనసు ఎవరినో ఒకరిని వేలెత్తి చూపించాలని చూస్తుంది. కాబట్టి ఆ పుకారు నమ్మినవాళ్ళని తెలివితక్కువవాళ్ళనకండి. అదీ భయం మాట్లాడే తీరే.

బయటి దేశాల్లో ఉన్న మనకి ఇంకో బరువు కూడా ఉంది. అక్కడ అమ్మానాన్నలు నీళ్ళలో ఉంటే మనం ఏసీ గదిలో కూర్చుని చూస్తున్నామన్న తప్పుచేసిన భావన. దాని కింద ఇంకోటి. ఈ గల్ఫ్ ప్రాంతపు సంపదకి పునాది చమురు. మన విమాన ప్రయాణాలు, పగలూ రాత్రీ తిరిగే మన ఏసీలు, అన్నీ ఈ లెక్కలో ఉన్నాయి. ఇది తలుచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది, అందుకని తలుచుకోం. తలుచుకోకుండా ఉండటానికి కూడా మనసు చాలా శ్రమ పడుతుంది. కొందరికి అది కోపంగా బయటికొస్తుంది, కొందరు మొద్దుబారిపోతారు, "మన చేతుల్లో ఏముంది" అంటారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే, పట్టనివాళ్ళని తీసేయకండి. పట్టించుకుని పట్టించుకుని అలిసిపోయినవాళ్ళు కూడా అదే మాట అంటారు.

ఎండలో పనిచేసే మన అన్నదమ్ముల సంగతి వేరు. వాళ్ళకిది ఆలోచన దాకా రాకముందే ఒంటికి తెలుస్తుంది. 2025 మే 24న ఈ దేశంలో స్వైహాన్ అనే చోట 51.6 డిగ్రీలు నమోదైంది, అదీ మే నెలలో. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మంచిదే. కానీ రాత్రి కూడా వేడి దిగకపోతే నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే చిరాకు, చిరాకులో ఇంటికి ఫోన్ చేస్తే గొడవ. భార్యాభర్తల మధ్య తగాదా అనుకునేదాంట్లో సగం నిద్రలేమి అయి ఉండొచ్చు. ఇంటి దగ్గర వింటున్న అక్కచెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఊళ్ళలోనూ ఎండ తక్కువేం కాదు. 2015 మే నెలలో వడగాలికి దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్ళే. అక్కడివాళ్ళకి ఇక్కడివాళ్ళ బెంగ, ఇక్కడివాళ్ళకి అక్కడివాళ్ళ బెంగ.

మరి ఏం చెయ్యాలి? నాకు పనికొచ్చినవి చెప్తాను.

మొదటిది పిల్లల గురించి. స్వీడన్‌లో మరియా ఒజాలా అనే పరిశోధకురాలు ఈ విషయంలో పిల్లలు ఎలా తట్టుకుంటారో చాలాకాలంగా చూస్తున్నారు. పన్నెండేళ్ళ పిల్లల మీద ఆమె చేసిన పని 2012లో వచ్చింది. కొందరు పిల్లలు విషయాన్ని పక్కకి నెట్టేస్తారు. కొందరు మొత్తం భారం తామే మోయాలనుకుంటారు, వాళ్ళకి దిగులు ఇంకా పెరగొచ్చు. ఇంకొందరు, సమస్య నిజమే, కానీ దీని మీద ఎంతోమంది పెద్దవాళ్ళు పనిచేస్తున్నారు, నేనూ నా వంతు చెయ్యగలను అని నమ్ముతారు. వీళ్ళు మిగతావాళ్ళకంటే కులాసాగా ఉన్నారు. అంటే పిల్లలకి "ఏమీ కాదు" అనీ చెప్పక్కర్లేదు, "అంతా అయిపోయింది" అనీ చెప్పక్కర్లేదు. "అవును, నాక్కూడా భయం వేసింది. అయితే మనం ఇలా చేద్దాం" అంటే చాలు. ముందు ఒప్పుకోవడం, తర్వాత ఒక చిన్న పని.

ఆ చిన్న పని ఎందుకంటే, భయానికి పని అప్పజెప్పితే అది మనల్ని పీడించడం తగ్గిస్తుంది. దీనికి మన దివిసీమే సాక్ష్యం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నవంబరులో గాలి వీస్తే జనం వణికారు. కానీ ఆ వణుకులోంచే తుఫాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి, జనాన్ని ముందుగా తరలించడం నేర్చుకున్నారు. 1990 మేలో మళ్ళీ అంత పెద్ద తుఫానే కృష్ణా, గుంటూరు తీరం మీదికి వస్తే పోయిన ప్రాణాలు సుమారు వెయ్యి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదే విరుచుకుపడితే, రాష్ట్రంలో ఆ సంఖ్య వందలోపే. దుఃఖం మాయమైపోలేదు. దుఃఖపడిన మనుషులే ఊళ్ళని జాగ్రత్తగా చేసుకున్నారు.

రెండోది, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ గురించి. "ఎలా ఉన్నారు" అని అడిగితే "బాగున్నాం" అంటారు. అది ఫోన్ మర్యాద. "రాత్రి వాన పడిందట, నిద్ర పట్టిందా?" అని అడగండి. "పోయిన పుస్తకాల్లో ఏవేం ఉన్నాయి?" అని అడగండి. నాన్నగారిని నేను అదే అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడారు. పెద్దబాలశిక్ష దగ్గర్నుంచి మా తాతగారు ఎర్ర సిరాతో రాసుకున్న పంచాంగాల దాకా ఒక్కొక్కటే చెప్పారు. నేను ఊరుకుని విన్నాను. కొత్తవి కొనిస్తానని అనలేదు. అంతకుముందు ఎన్నోసార్లు ఆ మాట అని ఆయన నోరు మూయించాను.

మూడోది మన గురించి. వరద వీడియోలు రాత్రి పడుకునేముందు చూడటం మానండి. అక్కడివాళ్ళకి పనికొచ్చేది చూసింది చాలు. ముగ్గురి ఫోన్ నెంబర్లు కాగితం మీద రాసుకోండి, ఊళ్ళో పక్కింటివాళ్ళది, ఎత్తు మీద ఉన్న బంధువులది, దగ్గర్లో ఉన్న కుర్రవాడిది. ఆ రోజున్నర నా దగ్గర అమ్మానాన్నగార్ల నెంబర్లు తప్ప ఒక్క నెంబరు లేదండీ. ముఖ్యమైన కాగితాలు పై అంతస్తులో పెట్టించండి. ఇవి చిన్న పనులే. ప్రపంచం చల్లబడిపోదు వీటితో. కానీ మనం చేతులు కట్టుకుని లేమని మనసుకి తెలుస్తుంది.

నాలుగోది, హద్దు తెలుసుకోవడం. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, పిల్లలు బడికి పోనంటుంటే, బతకడం దేనికన్న మాట నోట వస్తే, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ని కలవండి. ఇండియాలో ఉన్న మనవాళ్ళకి టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది, నెంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇది సిగ్గుపడే సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జూన్‌లోనే, వాతావరణ మార్పుని ఎదుర్కొనే పనుల్లో మానసిక ఆరోగ్యాన్ని కూడా చేర్చండని దేశాలకి చెప్పింది. మన దుబాయిలోనే 2023 డిసెంబరులో జరిగిన కాప్ 28 సదస్సులో మొదటిసారి ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించారు. ఇంత పెద్ద సభల్లో మాట్లాడుకుంటున్నది మన వంటింట్లో మాట్లాడుకోలేమా?

చివరిగా మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక రాత్రి తన పక్కన కూర్చుని, "ఆ రోజు ఏమీ కాదన్నాను గానీ, నాక్కూడా భయం వేసింది, నీళ్ళు మన మెట్ల దాకా వస్తాయేమో అనుకున్నాను" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు తెలుసు, నువ్వు నాలుగుసార్లు తలుపు తీసి చూశావు" అంది. పిల్లలు మనం చెప్పినవి కాదు, చేసినవి చూస్తారు.

ఇప్పుడు మా ఇంట్లో టార్చి, మంచినీళ్ళ సీసాలు, పాస్‌పోర్టులు ఉన్న సంచీకి తనే ఇన్‌చార్జి. నెలకోసారి టార్చి వేసి చూస్తుంది. మొన్న మబ్బు పట్టినప్పుడు మళ్ళీ చెప్పులు బీరువా మీద పెట్టింది, పెట్టలేదని అబద్ధం చెప్పను. అయితే ఈసారి వచ్చి నాతో చెప్పి పెట్టింది. తర్వాత బెజవాడకి ఫోన్ చేసి, "తాతయ్యా, మీ దగ్గర మబ్బుందా?" అని అడిగింది. ఆయన బయటికెళ్ళి చూసొచ్చి, "ఉందమ్మా, కొంచెం ఉంది. నువ్వు అడిగావుగా, నేనూ టార్చి వేసి చూసుకుంటాను" అన్నారు. ఇద్దరూ ఆ మబ్బుల గురించే పావుగంట మాట్లాడుకున్నారు. బెంగ పోయిందా అంటే పోలేదు. ఇద్దరూ పంచుకుంటున్నారు, అంతే.

మీ ఇంట్లో కూడా ఎవరైనా మబ్బు వైపు చూస్తూ నిలబడితే, ఏమీ కాదని చెప్పబోయే ముందు, పక్కన ఒక్క నిమిషం నిలబడండి.